పాతదిచ్చి కొత్తది

దేవకుమారి కంప్యూటరు మీట నొక్కి, వంటింట్లోకి వెళ్ళి పాలు కాచి, కాఫీ కలిపి, రెండు గ్లాసులతో మళ్ళీ ముందుగదిలోకి వచ్చింది. తెర మీద ఆ సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది.

"తిరుగు తల్లీ, తిరుగు. నీకేం, కరెంటు బిల్లు కట్టేదానివా?" అని దాన్ని దీవించి, ఒక గ్లాసు ఎదురుగా కూర్చున్న కాంతం చేతికిచ్చింది.

కాంతం పొద్దున్నే గణపవరంలో బస్సెక్కి తాడేపల్లిగూడెం వచ్చింది. వచ్చే వారం భర్త సంవత్సరీకం. చేపల చెరువు గట్టు మీద ఫ్లెక్సీ కట్టాల్సిందేనని మరుదులు పట్టుబట్టారు. ఫ్లెక్సీ అంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు దేవకుమారి ఇంటికే వస్తారు. బజార్లో కొట్లు లేక కాదు. అక్కడ కంప్యూటర్ల ముందు కుర్రాళ్ళుంటారు, పెట్టె అడుగున దాచుకున్న ఫోటో తీసి వాళ్ళ చేతిలో పెట్టడానికి మనసొప్పదు. దేవకుమారి అయితే ఆడమనిషి. ఇంట్లోనే కూర్చుని చేస్తుంది, తయారైన బొమ్మ మాత్రం ప్రెస్సుకి పంపుతుంది. అసలు ఫోటోలు గడప దాటవు. ఆవిడ పనంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

కాఫీ సగం అయ్యాక సున్నా ఆగింది. ఇంకో సగం అయ్యాక కాంతం ఫోటో తెరుచుకుంది. కొల్లేట్లో పడవ మీద కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. అతను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె నీళ్ళలోకి చూస్తోంది గానీ, పెదవుల చివర నవ్వు దాగలేదు. ఫోటో తెచ్చినప్పుడు సగం బూజు పట్టి ఉండేది. పోయిన ఏడాది పెద్దకర్మకి దేవకుమారి దాన్ని మరకా మరకా తుడిచి, పడవ అంచూ పమిట అంచూ మళ్ళీ గీసి బాగుచేసింది. ఫ్లెక్సీకి అతన్ని ఒక్కణ్ణే కోసి తీసుకుని, జంట ఉన్నదాన్ని చిన్న కాపీ వేసి కాంతానికి విడిగా ఇచ్చింది.

కాంతం గ్లాసు కింద పెట్టి తెర వైపు వంగింది. "ఆ వేళ మా అత్తగారు వెనక పడవలో ఉన్నారండీ. ఆవిడ అటు తిరిగినప్పుడు చెయ్యేసేశారు," అని కాస్త ఆగి, "ఇది ఎవరికీ చూపించరు కదండీ?" అంది.

"నేనెందుకు చూపిస్తానండీ? నా దగ్గరుంటే మీ పెట్టెలో ఉన్నట్టే."

"నాకు తెలుసులెండి. మా మరుదులు చూస్తే ఊరుకోరు, అందుకని." కాంతం మళ్ళీ వెనక్కి వాలింది. "అన్నట్టు మా చెరువు కాపలా యోబుని కూడా కింద వరసలో పెట్టండి. ఫోటో అడిగితే సిగ్గుపడుతున్నాడు."

"యోబు నా దగ్గరున్నాడండీ."

నిజంగానే ఉన్నాడు. ఉంగుటూరు మొదలు కొల్లేటి లంకల దాకా ఎవరు కావాలన్నా దేవకుమారి దగ్గర దొరుకుతారు. ఒకసారి ఏ ఓణీల ఫంక్షనుకో, ఏ పుట్టినరోజుకో ఫోటో వచ్చిందంటే, వెనకున్న గోడా చెట్టూ తీసేసి మనిషిని మాత్రం జుట్టు చెదరకుండా కోసి ఊరి పేరుతో దాచుకుంటుంది. వాటిని కటింగులంటారు. ఇదివరకెప్పుడో క్రిస్మస్ ఫ్లెక్సీకి యోబుని ఫోటో అడిగితే, వల భుజానేసుకుని బనీనుతో దిగినది తెచ్చాడు. దేవకుమారి తన భర్త ఫోటో ఒకటి తీసి, ఆయన గోధుమరంగు చొక్కా యోబుకి తొడిగింది. తొందరలో జేబు మీది సిరా మరక తీయడం మర్చిపోయింది.

"మావారికి చెప్పకండేం, చొక్కాకి అద్దె అడుగుతారు," అంటూ యోబు కటింగు మీద నొక్కింది.

తెర తెల్లబోయింది. సున్నా మళ్ళీ మొదలెట్టింది. నొక్కితే పలకదు, మూయబోతే మూసుకోదు. చివరికి మీట నొక్కి చంపి, మళ్ళీ బతికించాల్సి వచ్చింది. గణపవరం బస్సు వేళ దాటిపోతుందని కాంతం చెప్పులేసుకుంది. "రేపో ఎల్లుండో ఫోను చెయ్యండి, వస్తాను. పాపం దానికీ పెద్దతనం వచ్చింది, కొత్తది కొనుక్కోరాదాండి?" అని, కొంగు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. దేవకుమారికి తలకొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం రాజకుమార్ పెందరాళే కొట్టు కట్టేసి వచ్చాడు. అతనిది స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య కంప్యూటరు వైపు అతను చూసింది కొట్టు బిల్లులు కొట్టుకోవడానికే. ఆవిడ పని సంగతి ఎత్తితే "నీ బొమ్మలు" అంటాడు, అంతకుమించి ఒక్క ముక్క అడగడు. అలాంటివాడు ఆవేళ చొక్కా కూడా మార్చుకోకుండా స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏదో ఎస్‌ఎస్‌డి వేయిస్తే బాగుపడుద్దని అంటుంటావే, ఏంటది?"

దేవకుమారి మౌస్ మీది చెయ్యి తీసి అతని మొహంలోకి చూసింది. "జ్వరం గానీ రాలేదు కదా మీకు?"

"చెప్పవే బాబూ, అడుగుతున్నాగా!"

చెప్పింది. ఎవరూ అడక్క లోపలే ఉండిపోయిన మాటలు కదా, ఏరులా వచ్చేశాయి. "ఇప్పుడున్నదాంట్లో చక్రం తిరగాలండీ, దాని మీద ముల్లు వెతుక్కుంటూ పోవాలి. అందుకే ఇంత ఆలస్యం. ఎస్‌ఎస్‌డిలో తిరిగేదేం ఉండదు. మీ కొట్లో గోడ నిండా అరలున్నాయి చూడండి, చెంబులు కావాలంటే సరాసరి చెంబుల అరలో చెయ్యి పెడతారు. అలాగ."

"మరి వాటిల్లో ఏది మంచిది?"

అక్కడ మొదలైంది. ఫోనులో ఒకటొకటీ తీసి చూపించింది. బిస్కట్టు ముక్కలా పొడుగ్గా ఉండేది అన్నిటికన్నా వేగం, కానీ మన బోర్డు పాతది, దాన్ని గుచ్చడానికి చోటు లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా, పల్చగా ఉండేదైతే ఇప్పుడున్న తీగలకే తగులుకుంటుంది. దానిలోనూ రకాలున్నాయి. బాగా చౌకవి పెద్ద ఫైలు రాస్తుంటే మధ్యలో ఆయాసపడతాయి, రాసి చెరిపీ రాసి చెరిపీ తొందరగా అరుగుతాయి. ఫ్లెక్సీ ఫైళ్ళు మామూలు ఫైళ్ళా? పందిరంత ఉంటాయి. కాబట్టి గ్యారంటీ ఎక్కువ ఏళ్ళుండేదే తీసుకోవాలి.

రాజకుమార్ శ్రద్ధగా విన్నాడు. మర్నాడు సాయంత్రం కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడూ. పకోడీలు పొట్లం కట్టించుకొచ్చాడు కూడా. ఇద్దరూ ఒకే కాగితంలోంచి తింటూ, జిడ్డు వేళ్ళు ఫోనుకి తగలకుండా చిటికెనవేలితో జరుపుతూ, ఇది బాగుంది అది బాగుందని వాదులాడుకున్నారు. చీరల కొట్లో కూడా అంత ఓపికగా కూర్చోని మనిషి! ఇన్నాళ్ళకి తన పని ఈయన కంట్లో పడిందని దేవకుమారి లోలోపల పొంగిపోయింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది, కానీ మొగుడు పక్కన కూర్చున్నాడని చెప్పుకుంటే జనం నవ్వుతారు.

"చిన్నదొకటి చాలండీ, విండోసుకీ ఫోటోషాపుకీ. కటింగులన్నీ పాత డిస్కులోనే ఉంటాయి. రెండూ లోపలే పెట్టుకుంటాను," అంది ఆవిడ.

"అరకొర పనెందుకు? పెద్దదే తీసుకో. అన్నీ దాంట్లోకే ఎక్కించేసుకో. పాతది ఏ నిమిషాన పోతుందో! కొత్తది ఇంటికొచ్చిందంటే పాతది బయటికెళ్ళాలి, అదీ పద్ధతి." వాళ్ళ కొట్లో అంతే. పాత ఇత్తడి బిందో, సొట్టల గిన్నో తెచ్చిస్తేనే జనం కొత్తది పట్టుకెళతారు. "అవునూ, ఈ కటింగులన్నీ ఎక్కడుంటాయి, ఓసారి చూపించు."

ఊళ్ళ పేర్లతో ఉన్న అరలన్నీ తెరిచి చూపించింది. బాగుచేసిన పాత ఫోటోలున్న అర కూడా తెరిచింది. రాజకుమార్ నోరు వెళ్ళబెట్టాడు. "ఇన్నా! ఇవన్నీ నువ్వొక్కదానివే చేశావా?" ఆ ప్రశ్నకి దేవకుమారి కళ్ళు చెమర్చాయి. మిరపకాయ కొరికానని అబద్ధమాడింది.

ఏలూరులో మంచి కొట్టుందని, బస్సులో వెళ్ళి తెచ్చుకుంటానని ఆవిడ అంటే, అతను ఒప్పుకోలేదు. "మన ఫణిగాడు కొట్టు పెట్టుకుని కూర్చుంటే ఏలూరు వెళతావా? అన్నయ్య ఏమనుకుంటాడు?" ఫణికిరణ్ రాజకుమార్ అన్నగారు శ్రీరంగనాయకులు కొడుకు. ఇక్కడే ఇంజనీరింగు చదివి కంప్యూటర్ల కొట్టు తెరిచాడు. ఈమధ్యే ఫ్లెక్సీలు కొట్టే మిషను కూడా దింపాడు. అయినవాళ్ళ కొట్టుండగా పరాయి గుమ్మం ఎక్కడం వాళ్ళ కుటుంబాల్లో లేదు. సరేలెమ్మంది.

ఫణికిరణ్ స్వయంగా వచ్చి, "పిన్నీ, రేపటికల్లా రాకెట్టులా చేసిచ్చేస్తానండీ," అని పెట్టె ఎత్తుకెళ్ళాడు. అన్నట్టే మర్నాడు తెచ్చి బిగించాడు. దేవకుమారి మీట నొక్కి, అలవాటు కొద్దీ వంటింటి వైపు రెండడుగులు వేసింది. వెనక నుంచి ఠంగుమని చప్పుడు. తిరిగి చూస్తే కంప్యూటరు లేచి కూర్చుంది! కాంతం ఫోటో మీద నొక్కితే నొక్కిన వేలు తీసేలోగా పడవా, కొల్లేరూ, నవ్వూ అన్నీ వచ్చేశాయి. ఒక ఊరు మూసి ఇంకో ఊరు తెరిచింది. చిన్నపిల్లలా తెరుస్తూ మూస్తూ అలాగే కూర్చుంది. రాజకుమార్ గుమ్మానికి ఆనుకుని చూశాడు, కానీ ఈసారి వచ్చి పక్కన కూర్చోలేదు.

"పాత డిస్కేది ఫణీ?" అని అడిగింది.

"ఎక్స్‌ఛేంజిలో తీసుకున్నాను పిన్నీ. బాబాయ్ చెప్పారుగా."

"దాంట్లోవన్నీ చెరిపేశావా?"

"అవన్నీ మేం చూసుకుంటాం పిన్నీ, మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు తీగలు చుట్టుకుంటూ. బాబాయి మొహం చూసి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కాంతం ఫోను ఎత్తడం లేదు. పొలం పన్లో ఉందేమో అనుకుని దేవకుమారి యోబుతో సహా ఫ్లెక్సీ పూర్తిచేసి పెట్టింది. నాలుగు రోజులు పోయాక కూరలకని బజారుకెళ్ళింది. బస్టాండు ఎదురుగా ఎవరో యువజన నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ పేద్ద ఫ్లెక్సీ. పనివాడి కళ్ళు పని మీదికే పోతాయి కదా, ఎలా చేశారో చూద్దామని ఆగింది. అడుగు వరసలో అభిమానులు. చివర్న యోబు, గోధుమరంగు చొక్కాలో. జేబు మీద సిరా మరక.

మొదట నవ్వొచ్చింది. మావారి చొక్కా బస్టాండులో తిరుగుతోందే అనుకుంది. ఆ నవ్వు అలా ఉండగానే చూపు పక్కకి జరిగింది. పక్కనున్నవాడి జుట్టు తను కోసిన జుట్టు. ఆ పక్కావిడ తెగిన చెవి తమ్మె తను అతికినది. ఎవర్ని చూసినా తన చేతిలోంచి వెళ్ళినవాళ్ళే. తను చేయని ఫ్లెక్సీలో అందరూ వరసగా నిలబడి తనవంక చూస్తున్నారు. అడుగున ఎర్రటి అక్షరాల్లో ఫణికిరణ్ కొట్టు పేరు.

కూరల సంచీతోనే కొట్టుకి వెళ్ళింది. అద్దాల తలుపు తోసి లోపలికి అడుగుపెట్టేసరికి ఎదురుగా గోడ మీద, నిలువెత్తున, కాంతం. పడవ. భుజం మీద చెయ్యి. ఒక పక్క బూజు పట్టిన పాత ఫోటో, ఇంకో పక్క తను బాగుచేసినది. పైన: "పాత ఫోటోలు కొత్తగా చేయబడును."

ఫణికిరణ్ కుర్చీలోంచి లేచాడు. "రండి పిన్నీ, కూర్చోండి. ఏసీ వెయ్యరా!"

"తియ్యి అది."

"అది జస్ట్ శాంపిల్ పిన్నీ. ఎంత బాగా చేశారండీ అసలు! డిస్కు తెచ్చిన రోజే స్టేటస్‌లో, పేజీలో పెడితే ఎన్ని లైకులొచ్చాయో చూడండి..."

"తియ్యమన్నానా?"

అతను కదల్లేదు. దేవకుమారి సంచీ కింద పడేసి, కుర్చీ ఎక్కి, తనే మేకుల్లోంచి లాగింది. ఒక మూల చిరిగింది. కాంతం మొహం చిరగకుండా చుట్టి చంకన పెట్టుకుంది. సంచీలోంచి దొర్లిన టమాటాలు ఎవరో ఏరుతున్నారు.

"నేను దొంగతనం చేసినట్టు చూస్తారేంటి పిన్నీ," ఫణికిరణ్ మొహం కందిపోయింది. "బాబాయ్‌ని అడిగే తీసుకున్నాను. పాత ఫోటోల ఫోల్డరు ఎక్కడుందో కూడా ఆయనే చెప్పారు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టడం కష్టమేం కాదు; పట్టుకున్నాక అతన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నదే తెలీదు. రాజకుమార్ మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు దేవకుమారి ఎప్పట్లాగే కంచం పెట్టి, చారు పోసి, అతను తినడం పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత చుట్ట విప్పి బల్ల మీద పరిచింది.

"మీరేనా ఇచ్చింది?"

అతను చెయ్యి తుడుచుకుంటూ గోడవంక చూశాడు. "వాడు మిషను పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడే. ఎవరి ఫోటోలూ లేకుండా గిరాకీ ఎలా వస్తుంది? అన్నయ్య నోరు తెరిచి అడిగాడు. ఆయన మాట కాదనగలనా?"

"నన్నడగొచ్చుగా."

"నువ్వు ఒప్పుకోవుగా."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. వెంటనే గొంతు పెంచాడు. "అయినా లోకంలో లేనిది ఏం చేశాం? పాత బిందె ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళినావిడ మర్నాడొచ్చి ఆ బిందె నాదంటే ఇస్తామా? ఇచ్చేశాక అది కొట్టుది!"

"బిందె తీసుకునే ముందు నీళ్ళు ఒంపుకోమని చెప్తారండీ మీరు. మీ కొట్లో ఎన్నిసార్లు చూశాను."

"నీ నీళ్ళు నీ దగ్గరే ఉన్నాయిగా! ఒక్క బొమ్మయినా తగ్గిందా? తెరిచి చూసుకో!"

నిజమే, ఒక్కటి కూడా తగ్గలేదు. గొలుసు పోతే బోసి మెడ చూపించవచ్చు. ఇక్కడ పోయినదంతా ఉన్నచోటే ఉంది. పోయిందని చెబితే పిచ్చిదనుకుంటారు. సాయంత్రం బావగారు శ్రీరంగనాయకులు వచ్చి అదే మాట అన్నాడు. చేతిలోని కవరు బల్ల మీద పెట్టి, "ఇదిగోనమ్మా నీ డిస్కు. మంచినీళ్ళియ్యి," అన్నాడు. నీళ్ళు తాగి, కండువాతో మీసం తుడుచుకున్నాడు. "ఇచ్చేశాంగా, ఇంకేం గొడవ లేదుగా? పరాయివాడు కాదు కదమ్మా, నీ కొడుకు లాంటివాడు. ఇంటి గుట్టు బజార్న పడేసుకోకండి."

"ఫణి దగ్గర కాపీ ఉంది కదా బావగారూ."

"కాపీదేముందమ్మా, కాగితం ముక్క," అని ఆయన లేచాడు. ఆయనతో తర్కించడం ఆ ఇంటి కోడళ్ళకి అలవాటు లేదు. గుమ్మందాకా సాగనంపి వచ్చింది.

రాజకుమార్ ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. దేవకుమారి ఎదురుగా నిలబడి, "ఆ మూడు సాయంత్రాలూ నా పక్కన కూర్చుంది దీనికోసమేనాండీ?" అని అడిగింది.

అతను బల్ల మీది కవరు అటూ ఇటూ జరిపాడు. ఆ తర్వాత, "పూర్తిగా దానికోసమే కాదే," అన్నాడు.

అబద్ధమాడినా బాగుండేది. కాదని ఒట్టేసి ఉంటే కొట్లాడి, అలిగి, ఎప్పటికో మర్చిపోయేది. ఎంత దానికోసం, ఎంత తనకోసం? పకోడీల పొట్లం దేని కింద లెక్క? "ఇన్నా!" అని అతను నోరు తెరిచింది ఆశ్చర్యపోయా, సరుకు చూసుకునా? పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఎదవ పకోడీల కోసం ఏడ్చింది.

మర్నాడు గణపవరం బస్సెక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. మా కుర్రాడు తెలియక పొరపాటు చేశాడండీ, డిస్కు ఎలాగో వాళ్ళ చేతిలో పడిందండీ, మావారికి తెలియగానే చాలా బాధపడ్డారండీ. కిటికీ బయట చేపల చెరువులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. మాట అల్లడం తేలికే. మొగుడి మీద మాట పడకుండా కాయడం పుట్టింట్లో అన్నం కలపడంతోపాటే నేర్పుతారు.

కాంతం అరుగు మీద మినుములు చెరుగుతోంది. చూసి లేచి, "రండి, రండి, ఎండనపడి వచ్చారా?" అని చాప వేసి మజ్జిగ తెచ్చింది. దేవకుమారి చుట్ట విప్పబోతే, చేత్తో వారించింది.

"చూశానండి. మా మరిది కొడుకు ఫోన్లో చూపించాడు."

"కాంతంగారూ..."

"చూడగానే ఏమనుకున్నానో తెలుసాండీ? ఎంత బాగున్నామో అనుకున్నాను." కాంతం చేటలో రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "తరవాత మా మరిది, 'వదినకి ఈ సరదాలు కూడా ఉండేవా' అన్నాడండీ, పదిమందిలో. లోపలికెళ్ళి పెట్టెలో మీరిచ్చినది తీసి చించేశాను."

దేవకుమారి చాప మీద ముందుకు జరిగింది. "అయ్యో, ఇంకోటి వేసి తెస్తానండీ. ఇవాళే..."

"వద్దండి. మీ దగ్గరున్నది కూడా తీసెయ్యండి. ఫ్లెక్సీ కూడా వద్దనేశాను." మళ్ళీ చేట అందుకుని, నెమ్మదిగా అడిగింది. "మీ ఆయనకి తెలుసాండీ, ఇది?"

బస్సులో అల్లుకొచ్చిన మాటలన్నీ నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటి వదిలితే చాలు, ఇంటి పరువు నిలబడుతుంది. దేవకుమారి గ్లాసు కింద పెట్టింది.

"తెలుసండీ. ఆయనే ఇచ్చారు."

కాంతం చేట ఆగింది. తలెత్తి దేవకుమారిని పూర్తిగా చూసింది. "నేనేమనుకున్నానంటే, మీరే ఇచ్చారేమోననుకున్నానండీ. నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. ఫోను అందుకే ఎత్తలేదు," అంది. ఇంకేమీ అడగలేదు. కాళ్ళు కడుక్కోమని, అన్నం పెట్టి, మాగాయ వేసింది. బస్సు దాకా తోడొచ్చింది. బస్సు కనపడ్డాక దేవకుమారి చెయ్యి పట్టుకుంది. "మీ తప్పేం లేదండీ. కానీ ఇంక మీ ఇంటికి రానండీ నేను. ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో పెడితే మీ దగ్గర పెట్టినట్టు కాదు కదండీ."

అంత మర్యాదగా చెప్పకపోయినా బాగుండేది. తిట్టిపోస్తే తిరుగు బస్సంతా ఆ తిట్లే తలుచుకునేది. ఇప్పుడు తలుచుకోవడానికి అది ఒక్కటే మాట, అది నిజం కూడా.

ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. గణపవరం అరా, పాత ఫోటోల అరా తెరిచి, కాంతం ఫోటో, చేసిపెట్టిన ఫ్లెక్సీ, అన్నీ పట్టుకుని తీసెయ్యమంది. పాతదైతే ఎంతసేపు ఆలోచించేదో, ఆపుదామా అనుకోవడానికి సందుండేది. ఇది రెప్ప వాల్చేలోగా తుడిచేసి మళ్ళీ ఏం చెయ్యమంటావన్నట్టు కూర్చుంది. ఆ పడవ తను ఎన్ని రోజులు గీసింది! ఫణి దగ్గర మాత్రం అది ఇంకా ఉంది, ఉంటుంది. ఆ సంగతి తెలిసీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా ఉన్న ఆ చోటునే చూసింది. తర్వాత ముందుకు జరిగి, ఫోనులో చూసుకుంటూ ఇంకో పని కూడా చేసుకుంది.

దీపాలు పెట్టే వేళకి రాజకుమార్ వచ్చాడు. ఆవిడ వంటింట్లో ఉంది. కొట్టు బిల్లులు కొట్టుకోవడానికి అతను కంప్యూటరు మీట నొక్కాడు. ఏవో మీటలు టకటకా నొక్కిన చప్పుడు. "దేవీ, ఇదేదో అడుగుతోంది చూడు!"

కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పాస్‌వర్డండీ."

"ఇంట్లో కంప్యూటరుకి పాస్‌వర్డేంటి? ఇక్కడికి ఎవరొస్తారు? ఫణిగాడు మన గడప తొక్కితే ఒట్టు, వాడి కోసమా?"

"కాదండీ."

"మరెవరి కోసం?"

"మీ కోసమేనండీ," అంది, అన్నం వడ్డించనా అని అడిగినంత మామూలుగా.

అతను కుర్చీలోంచి లేచాడు. ఆవిడ వచ్చి కూర్చుని, చేతులు మీటల మీద పెట్టి, ఆగింది. బ్యాంకు మిషను దగ్గర వరసలో పరాయివాళ్ళు నిలబడతారే, అలా రాజకుమార్, ఎవరూ చెప్పకుండానే, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడు ఆవిడ టైపు చేసింది.